రైలుకున్న మెట్లు బస్సుకెందుకు లేవు?

కోయంబత్తూరు పక్కనున్న పోదనూరు కుర్రవాడికి రైల్వేలో ఉద్యోగం వస్తే ఇంటిల్లిపాదికీ పండగే. అదే కుర్రవాడు ప్రైవేటు టౌన్ బస్సు స్టీరింగ్ పట్టుకుంటే, వేరే పనేదీ దొరకలేదు కాబోలని చుట్టాలు జాలిపడతారు. ఇద్దరి పనీ మనుషులను క్షేమంగా ఊరు చేర్చడమే. పైగా రాంగ్ సైడులో దూసుకొచ్చే లారీ, సందులోంచి అడ్డంగా దూకే స్కూటరు, ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ పిల్లలు ఇవన్నీ రైలు నడిపేవాడికి లేని తలనొప్పులు, బస్సు నడిపేవాడికి క్షణక్షణం ఉన్నవి. అయినా జీతం, సెలవు, పింఛను, మర్యాద అటు పోయాయి; దినకూలీ, బత్తా ఇటు మిగిలాయి. 1862లో మద్రాసు నుంచి పడమటి తీరానికి వేసిన రైలుదారి పోదనూరు మీదుగానే వెళ్ళింది. కోయంబత్తూరు స్టేషను కూడా పోదనూరు నుంచి మేట్టుపాళయానికి 1873లో వేసిన కొమ్మ మీద ఉన్నదే. అప్పటినుంచీ జంక్షను, సిగ్నల్ వర్క్‌షాపు, క్వార్టర్లు ఈ ఊరికి ఒక సంగతి నేర్పాయి: రవాణా పనిని ముప్ఫయ్యేళ్ళ జీవితంగా అమర్చవచ్చునని. విజయనగర, మదురై నాయకుల కాలం నుంచి ఈ ప్రాంతంలో స్థిరపడి, ఇంట్లో తెలుగూ బడిలో తమిళమూ మాట్లాడుకుంటూ వచ్చిన కుటుంబాలకు ఈ రెండు పనులూ తెలిసినవే. ఆ అమరిక బస్సు పనికీ కావాలన్నదే నా వాదన. అది జరగనంత కాలం బస్సెక్కిన మన ప్రాణాలకూ పూచీ ఉండదు.

రైల్వే అమరిక ఏమిటో చూడండి. పోటీ పరీక్ష రాసి, యోగ్యతా పరీక్షలో నెగ్గి, కంటిచూపు పరీక్షించుకుని అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేరతాడు. తరవాత గూడ్సు, ఆపైన ప్యాసింజరు, చివరికి మెయిలు, ఎక్స్‌ప్రెస్. ప్రతి మెట్టుకూ శిక్షణ ఉంది, మెట్టు మెట్టుకూ జీతం పెరుగుతుంది. పొరుగూరిలో డ్యూటీ దిగితే పడుకోవడానికి రన్నింగ్ రూమ్ ఉంటుంది. అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. డ్యూటీ గంటలు మితిమీరుతున్నాయని, వారం విశ్రాంతి సరిగ్గా దక్కడం లేదని లోకో పైలట్లు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు, వాళ్ళ మాటలో న్యాయముంది. కాకపోతే ఫిర్యాదు చెయ్యడానికైనా అక్కడ ఒక నియమం ఉంది, దాన్ని చూపించి అడగవచ్చు. ప్రైవేటు టౌన్ బస్సులో క్లీనరుగా చేరి, కండక్టరై, హెవీ లైసెన్సు తీసుకుని డ్రైవరైన మనిషికి అక్కడితో దారి ముగుస్తుంది. పాతికేళ్ళ వయసులో ఏ సీట్లో కూర్చున్నాడో యాభై అయిదో ఏటా అదే సీటు. మధ్యలో చూపు తగ్గినా నడుము విరిగినా ఇంటికే.

ఈ రంగం మొదటినుంచీ ఇలా లేదు. కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు 1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టి, స్టీరింగ్ ముందు తానే కూర్చున్నారు. అంతకుముందు మోటారు సైకిలు మీది మోజుతో హోటల్లో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టిన మనిషి ఆయన. ఆ ఒక్క బండి కొన్నేళ్ళలో యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థ అయింది. బస్సు నడిపిన చెయ్యే వర్క్‌షాపు పెట్టింది, రేజరు చేసింది, 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి పీళమేడులో దేశీయ విద్యుత్ మోటారు తయారుచేసింది. 1945లో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయాలు నెలకొల్పడానికి ముందు నిలిచిందీ ఆయనే. వాటిలో ఒకటి నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. ఇంజనీరింగు చదువుకు నాలుగేళ్ళు అక్కర్లేదు, పనిచేస్తూ నేర్చుకుంటే రెండేళ్ళు చాలునని ఆయన పట్టుబట్టారు, ప్రభుత్వం ఒప్పుకోకపోతే తప్పుకున్నారు. ఆ తగవులో ఎవరిది న్యాయమన్నది వేరే చర్చ. నాకు ముఖ్యమనిపించేది, బస్సు షెడ్డులో గ్రీజు పూసుకునేవాడు నేర్చుకునేది చదువేనని, ఆ చదువుకు పై మెట్లు ఉండాలని ఆయన నమ్మడం. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద ప్రారంభించిన పది కిలోమీటర్ల వంతెనకు తమిళనాడు ప్రభుత్వం ఆయన పేరే పెట్టింది. ఆ ఊళ్ళో బస్సు నడుపుతున్న వాళ్ళకు ఆయన నమ్మిన మెట్లలో ఒక్కటైనా కట్టి ఉంటే ఆ గౌరవం ఇంకా నిండుగా ఉండేది.

మదురైలో ఇదే కాలంలో ఇంకో పాఠం దొరుకుతుంది. టి.వి. సుందరం అయ్యంగార్ 1910 దశకం మొదట్లో అక్కడ బస్సులు మొదలుపెట్టారు. ఆయన బస్సును చూసి జనం గడియారం సరిచేసుకునేవారని, టైర్లలో మేకులు దిగకుండా ముందుగా ఒక బండికి అయస్కాంతం కట్టి రోడ్డు మీద తిప్పించేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సంస్థ సిబ్బందికి ఇళ్ళు, బడి, దుకాణం కూడా చూసింది. బండి వేళకు రావాలంటే దాన్ని నడిపేవాడి ఇల్లు కుదురుగా ఉండాలని తెలిసిన వ్యాపారం అది. తరవాత 1972లో తమిళనాడు పెద్ద ప్రైవేటు బస్సు సంస్థలను స్వాధీనం చేసుకుని మదురైలో పాండియన్, కోయంబత్తూరులో చేరన్ రవాణా సంస్థలను పెట్టింది. 1997లో పేర్లన్నీ తీసేసి తమిళనాడు రాష్ట్ర రవాణా సంస్థ అన్నారు. ఆ పాతికేళ్ళలో బస్సు డ్రైవరు ప్రభుత్వ సంస్థలో నెలజీతగాడయ్యాడు. పెరుందురైలో ఒక వైద్య కళాశాల, ఈరోడ్‌లో రోడ్డు రవాణా సాంకేతిక కళాశాల రవాణా సంస్థల ఉద్యోగుల డబ్బుతోనే లేచాయి, వాళ్ళ పిల్లలకు అక్కడ కొన్ని సీట్లు కేటాయించారు. డ్రైవరు కొడుకు డాక్టరు కావడానికి డ్రైవర్లే పునాది వేసుకున్నారన్నమాట. ఈ విషయం మన తెలుగు రాష్ట్రాల్లో ఎంతమందికి తెలుసో గానీ, తెలియాల్సిన విషయం.

మరి ఈ రోజు గండి ఎక్కడుంది? చాలా ప్రైవేటు బస్సుల్లో జీతం లెక్కగట్టే పద్ధతిలో. రోజుకు ఇంత కూలీ, దానిపైన ఆ రోజు వసూలును బట్టి బత్తా. యజమానికి ఇది తేలికైన లెక్క. కానీ రోడ్డు మీద దీని ఫలితం ఏమిటి? పర్మిట్‌లో ఒక్కో బండికీ నిమిషాలతో సహా టైమింగు రాసి ఉంటుంది. ముందు బండి రెండు నిమిషాలు ఆలస్యంగా కదిలితే వెనక బండి ప్యాసింజర్లను అది ఊడ్చుకుపోతుంది. వెనకవాడు ఊరుకోడు, తరువాతి స్టాపుకు ముందే దాన్ని దాటాలని చూస్తాడు. ఆ పోటీలో స్టాపు రాకముందే బ్రేకు, ముసలావిడ రెండో కాలు పైకి పెట్టకముందే విజిలు, మలుపులో ఓవర్‌టేకు. చూసేవాళ్ళు దీన్ని డ్రైవరు కండకావరం అంటారు. వాడి పిల్లవాడి ఫీజు ఆ రెండు నిమిషాల్లో ఉందని ఎవరూ అనరు. నేను డ్రైవరును వెనకేసుకు రావడం లేదు; నిర్లక్ష్యానికి శిక్ష పడాల్సిందే. కానీ తొందరపడితేనే కూడు పెట్టే పద్ధతిని ఉంచి, తొందరపడ్డవాణ్ణి మాత్రం జైల్లో పెడితే రేపు ఆ సీట్లో కూర్చునేవాడూ తొందరే పడతాడు.

ఇది ఊహ కాదనడానికి చిలీ దేశపు శాంటియాగో నగరం సాక్ష్యం. అక్కడ ఒకప్పుడు డ్రైవరుకు ఎక్కిన ప్యాసింజరును బట్టి కూలీ దక్కేది, వీధుల్లో బస్సుల పందేలు మామూలు. అదే నగరంలో కొందరు డ్రైవర్లు స్థిరమైన జీతం మీద కూడా పనిచేసేవారు కాబట్టి, ఆర్థికవేత్తలకు రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం దొరికింది. స్థిర జీతం బస్సులకు కిలోమీటరు లెక్కన ప్రమాదాలు చాలా తక్కువని తేలింది. అయితే ఇంకోటి కూడా తేలింది, దాన్ని దాచకూడదు: స్థిర జీతం బస్సుల కోసం ప్యాసింజరు కాస్త ఎక్కువసేపు ఎదురుచూడాల్సి వచ్చింది. కలెక్షన్ ఆశ లేకపోతే బండ్ల మధ్య ఎడం సరిచేసుకోవాలన్న తహతహ కూడా తగ్గుతుంది. దానికి మందు కంట్రోల్ రూమ్. బస్సుకు జీపీఎస్ పెట్టగలిగే కాలంలో ఏ బండి ఎక్కడుందో చూసి ఎడం సరిచెయ్యడం డిపో పని. ఆ భారాన్ని డ్రైవరు ఆశ మీద వెయ్యడం దేనికి? మనదేశంలో 2022 ఒక్క సంవత్సరంలోనే రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ప్రమాదాల సంఖ్యలో ఆ ఏడాది తమిళనాడుదే మొదటి స్థానం. ఇవన్నీ బస్సుల వల్ల జరిగినవి కావు. కానీ స్టాపులో అయిదు నిమిషాలు ఎక్కువ నిలబడటానికీ ఇంటికి తిరిగి రాకపోవడానికీ మధ్య ఏది ఎంచుకుంటారని ప్రయాణికుణ్ణి అడిగితే జవాబు కోసం సర్వే అక్కర్లేదు.

చట్టం లేక కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అని చెప్పింది. అయిదు గంటలు నడిపాక కనీసం అరగంట విరామం ఇవ్వమంది. అయిదుగురి కంటే తక్కువ పనివాళ్ళున్న సంస్థకు ఆ చట్టం వర్తించదన్న సాకు చెల్లకుండా, 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షను అదే గంటల పరిమితిని రవాణా వాహనం నడిపే ప్రతివారికీ తగిలించింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్ 1961 చట్టాన్ని తనలో కలుపుకుంది. కాగితం మీద లోటేమీ లేదు. తెల్లవారుజామున మొదటి ట్రిప్పు తీసి రాత్రి చివరి ట్రిప్పు దించే డ్రైవరు గంటలు ఎవరి పుస్తకంలో రాస్తున్నారన్నదే లోటు. ఆర్టీవో ఆఫీసు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పేరుతో బండిని చూస్తుంది, పొగ చూస్తుంది, అగ్నిమాపక యంత్రం చూస్తుంది. నడిపేవాడు ఎంతసేపు నిద్రపోయాడో చూసే గడి ఆ ఫారంలో లేదు.

ఒంటి సంగతి కూడా చెప్పుకోవాలి. 1953లో లండన్‌లో జెరెమీ మోరిస్, ఆయన సహచరులు డబుల్ డెకర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి వైద్య లోకాన్ని మేల్కొలిపారు. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్లకు, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే గుండెజబ్బు ఎక్కువ వస్తోందని వాళ్ళు చూపించారు. వ్యాయామానికీ గుండెకూ ఉన్న సంబంధాన్ని ప్రపంచం గుర్తించింది ఆ బస్సుల వల్లే. ఇంజను పక్కన కూర్చుని వేడి, అదురు, హారను మోత మధ్య నడిపే మన డ్రైవరు శరీరం ముప్ఫయ్యేళ్ళ తరవాత ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? కాబట్టి వయసు పైబడినవాడు స్టీరింగ్ దిగి ఇంకో పనికి మారే దారి ఈ వృత్తిలోనే ఉండాలి: కొత్తవాళ్ళకు శిక్షణ ఇవ్వడం, టైమింగు వెయ్యడం, కంట్రోలరుగా కూర్చోవడం, ప్రమాదాలను విచారించడం. 2025 ఆగస్టులో తెలంగాణ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి మాటే చెప్పింది. రంగుల అంధత్వం ఉందని తేలిన డ్రైవరును ఇంటికి పంపెయ్యడం తప్పు, చెయ్యగలిగిన వేరే పని ఇవ్వాల్సిందేనంది. ఆ డ్రైవరుకు వెనక ఒక సంస్థ, ఒక ఒప్పందం, కోర్టుదాకా వెళ్ళే దారి ఉన్నాయి. టౌన్ బస్సు డ్రైవరుకు ఏమున్నాయి?

యజమానుల అభ్యంతరం బలమైనదే. ఛార్జీలు నిర్ణయించేది ప్రభుత్వం; 2018 జనవరిలో సవరించిన ఛార్జీలే తమిళనాడులో ఏళ్ళ తరబడి నడిచాయి. డీజిలు, టైరు, బీమా, పన్ను ఆగలేదు. 2021 మేలో ప్రభుత్వ సాధారణ టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేకుండా చేశాక, ప్రైవేటు టౌన్ బస్సు ఎక్కే ఆడవాళ్ళు తగ్గారన్నది వాళ్ళ గోడు. ఉచిత ప్రయాణం మంచి పథకమేనని నా నమ్మకం, కూలికెళ్ళే మనిషి చేతిలో రోజుకు కొన్ని రూపాయలు మిగిల్చింది. కానీ దాని నష్టం ప్రైవేటు బస్సు సిబ్బంది బత్తాలోంచి పోవడం న్యాయం కాదు. ఛార్జీలను డీజిలు ధరకు ముడిపెట్టి ఏటా సవరించాలి, గిట్టుబాటు కాని రూట్లకు ప్రభుత్వం కిలోమీటరుకు ఇంతని చెల్లించాలి. ఆ సొమ్ముకు షరతు ఒక్కటే: సిబ్బందికి నెలజీతం, బ్యాంకు ఖాతాలో. యజమాని కోల్పోయేది కూడా అనుకున్నంత కాదు. పందెం వేసి నడిపిన బండికి క్లచ్, బ్రేకు, టైరు ఎంత త్వరగా అరిగిపోతాయో ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు. ప్రమాదం జరిగితే బండి స్టేషన్లో ఎన్నాళ్ళు నిలిచిపోతుందో యజమానికే తెలుసు.

ప్రభుత్వ సంస్థలే మునుగుతుంటే ప్రైవేటుకు పాఠాలా అనేవారున్నారు. ఆ దెప్పిపొడుపుకూ ఆధారముంది. 2024 జనవరి 9న తమిళనాడు రవాణా కార్మికులు సమ్మెకు దిగింది రిటైరైన వాళ్ళ కరువుభత్యం బకాయిల కోసం, ఖాళీ పోస్టుల భర్తీ కోసం. ముప్ఫయ్యేళ్ళు నడిపినవాడు తన డబ్బు కోసం రోడ్డెక్కాల్సి వస్తే, కొత్తవాడు ఏ ధైర్యంతో చేరతాడు? తెలంగాణలో 2019లో దాదాపు 48 వేల మంది ఆర్టీసీ ఉద్యోగులు యాభై రోజులకు పైగా సమ్మె చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. ప్రభుత్వంలో విలీనమే అన్నిటికీ మందని నేను అనను. కొండగట్టులో 2018లో వందమందికి పైగా ఎక్కించుకుని లోయలో పడి అరవై మందికి పైగా బలిగొన్నది ప్రభుత్వ బస్సే. చాలినన్ని బస్సులు, చాలినంత మంది సిబ్బంది లేనిచోట జీతం స్థిరంగా ఉన్నా ప్రాణం స్థిరంగా ఉండదు. అయినా 2025లో తమిళనాడు 3,274 డ్రైవరు-కండక్టరు పోస్టులకు ప్రకటన ఇచ్చిందంటే, నెలజీతం, గుర్తింపు ఉన్నచోట ఈ పనికి మనుషులు వస్తారన్న నమ్మకం ప్రభుత్వానికి ఉన్నట్టే. యువత ఈ పనిని ఛీకొడుతోందనే మాట తరచూ వింటున్నాం. వాళ్ళు ఛీకొట్టేది రేపు ఉంటుందో లేదో తెలియని కూలీని.

కరెంటు బస్సులొస్తే డ్రైవరు వృత్తే ఉండదనడం తొందరపాటు. కరెంటు బస్సుకూ డ్రైవరు కావాలి, బ్యాటరీ చూసే కొత్తరకం మెకానిక్ కూడా కావాలి. నిజమైన మార్పు డబ్బు చెల్లించే తీరులో ఉంది. కేంద్రం 2023లో ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవలో 10,000 బస్సులను ప్రైవేటు సంస్థలు నడుపుతాయి, ప్రభుత్వం కిలోమీటరు లెక్కన చెల్లిస్తుంది. అంటే కలెక్షన్ కోసం పరుగు యజమానికే లేకుండా పోతోంది; డ్రైవరు బత్తాను కలెక్షన్‌కు ముడిపెట్టడానికి కారణమే ఉండదు. అయితే ఆ ఒప్పందాల్లో డ్రైవరు కాంట్రాక్టరు మనిషి. ఎన్ని గంటలు, ఎంత జీతం, ఎన్ని రోజుల శిక్షణ అన్నది ఒప్పందంలో రాయకపోతే, కిలోమీటర్ల కోసం డబుల్ డ్యూటీలు మొదలవుతాయి. ఇప్పుడే రాసుకోవాలి, బస్సులొచ్చాక అడిగేవాడుండడు.

ఆడవాళ్ళ మాట చివర్లో చెబుతున్నది చిన్నదని కాదు. తమిళనాడు ప్రభుత్వ బస్సుకు వసంతకుమారి 1993లోనే డ్రైవరయ్యారు. నల్లగొండ నుంచి వెళ్ళిన సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థకు తొలి మహిళా డ్రైవరయ్యారు. తెలుగు ఆడమనిషి బస్సు స్టీరింగ్ పట్టుకోవడానికి ఢిల్లీ దాకా పోవాల్సి వచ్చింది. మూడు దశాబ్దాల తరవాతా ఇలాంటి పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఉన్నాయంటే అడ్డు ఆడవాళ్ళ చేతకానితనం కాదు. బస్టాండులో మరుగుదొడ్డి, రాత్రి డ్యూటీ దిగాక పడుకునే గది, ఇంటికి చేర్చే బండి లేకపోవడమే అడ్డు. అవి మగవాళ్ళకూ లేవు, వాళ్ళు బస్సు సీట్ల మీద, టాపు మీద పడుకుని సర్దుకుంటున్నారు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, పర్మిట్ దగ్గర. స్టేజి క్యారేజి పర్మిట్ అయిదేళ్ళకోసారి రెన్యువల్‌కు వస్తుంది. ఆ రోజు బండి కాగితాలతోపాటు సిబ్బంది ఆర్నెల్ల జీతం బ్యాంకులో పడిన లెక్క, డ్యూటీ గంటల పుస్తకం చూపించమంటే చాలు; కొత్త చట్టం చెయ్యనక్కర్లేదు. రెండోది పోదనూరు వాకిట్లోనే ఉంది. పక్కనున్న వెల్లలూరులో కోయంబత్తూరు కార్పొరేషన్ 2020లో మొదలుపెట్టిన పెద్ద బస్టాండు సగం కూడా కాకుండా ఆగిపోయింది. దాన్ని ఎప్పుడు, ఏ రూపంలో పూర్తిచేసినా, నకషాలో దుకాణాల గదుల కంటే ముందు డ్రైవర్ల, కండక్టర్ల పడకలకు, స్నానాల గదులకు, ఆడవాళ్ళ విశ్రాంతి గదికి, ఒక చిన్న శిక్షణ హాలుకు చోటు గీయమని అడగాల్సింది పోదనూరు, వెల్లలూరు వాసులే.